చిత్రశాలలో ఒపెరా

న్యూయార్కు నగరములోని మెట్రోపాలిటన్ ఒపెరా సంస్థ శనివారము మధ్యాహ్నము తన రంగస్థలముపై ప్రదర్శించు సంగీతరూపకమును అదే సమయమున ఉపగ్రహముల ద్వారా దేశదేశములలోని సినిమాహాళ్లకు పంపుచుండగా, అచ్చటి ప్రేక్షకులు టిక్కెట్టు కొని తెరమీద దానిని తిలకించు ఏర్పాటు 2006వ సంవత్సరాంతమున ఆరంభమైనది. 'లైవ్ ఇన్ హెచ్.డి.' అను పేర సాగుచున్న ఈ ప్రసారములు మొదటి యేట ఆరు రూపకములతోను, సుమారు నూరు హాళ్లతోను మొదలై, కాలక్రమమున డెబ్బదికి పైగా దేశములలో రెండువేల హాళ్లవరకు వ్యాపించినవి. మెట్రోపాలిటన్ నాటకశాలలోని ఆసనములు సుమారు 3,800. ప్రపంచములోని ఒపెరాశాలలలో అంత విశాలమైనది అరుదు. అయినను, ప్రసిద్ధరూపకము ఆడు శనివారమున దానిని తెరలపై చూచువారు శాలలో కూర్చుండి చూచువారికంటె అనేకరెట్లు ఎక్కువగా నుందురు. ఇంగ్లండు, జర్మనీ మొదలగు యూరపు దేశములలో ఇట్టి ప్రయత్నములు చేయుచున్న సంస్థలు మరికొన్ని యున్నను, ఈ ప్రక్రియకు ఒక స్థిరరూపము నిచ్చినది మెట్రోపాలిటనే గనుక ఈ వ్యాసము ముఖ్యముగా దానినే ఆశ్రయించుచున్నది.

ఒపెరా యనగా ప్రధానముగా గానముచే నడచు నాటకము. పదునారవ శతాబ్దము ముగియుచుండగా ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున యాకొపో పేరి యను సంగీతకర్త కూర్చిన 'దాఫ్నే'ను ఈ ప్రక్రియలో మొదటిదిగా చెప్పుదురు. అతడే 1600లో రచించిన 'యూరిడిచే' మనకు పూర్తిగా దక్కినవానిలో మొదటిది. ఆ వెనువెంటనే తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగు యక్షగానము వర్ధిల్లినది. ఈ రెండింటికి పరస్పరసంబంధ మేమియు లేకున్నను, కథను పాటగానే చెప్పవలెనను పట్టుదలలో రెండును ఏకగోత్రములు. అయితే ఒపెరాకు కాలక్రమమున ఏర్పడిన ఒక విశేషలక్షణము గలదు. ఎనుబదిమంది వాద్యకారులు రంగస్థలము ముందరి గోతిలో కూర్చుండి ఒక్కుమ్మడిగా వాయించుచుండగా, గాయకుడు ఎట్టి ధ్వనివర్ధకయంత్రముయొక్క సహాయమును లేకుండ, తన కంఠధ్వనిని ఆ నాదసముద్రముమీదుగా దాటించి, చిట్టచివరి మేడమీది బల్లపై కూర్చున్న శ్రోతకు చేర్చవలెను. ఇది కేవలము బలముచే సాధ్యమగునది కాదు. శిక్షితమైన కంఠమున సెకనుకు ఇంచుమించు 3,000 కంపనముల ప్రాంతమున శబ్దశక్తి ప్రత్యేకముగా కేంద్రీకృతమగుననియు, వాద్యబృందముయొక్క ధ్వని ఆ ప్రాంతమున క్షీణించి యుండుటచే గాత్రము ఆ సందులోనుండి ఇవతలకు వచ్చుననియు స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ నిరూపించెను. మన పద్యనాటకరంగమునను మైకు రాకపూర్వము కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటులకు ఈ విద్య అవసరమే యైనది. మైకు వచ్చిన పిదప మనవారు దానిని సంతోషముతో స్వీకరించిరి, ఒపెరావారు స్వీకరింపలేదు. దూరమును జయించుటయే ఆ గాత్రమునకు పరమప్రయోజనము. చిత్రశాలకు చేయు ప్రసారము ఆ దూరమునే లేకుండ జేయును; దీని గుణములును దోషములును చాలవరకు ఇందుండియే జనించినవి.

ఒపెరాను నాటకశాల గోడలు దాటించు కోరిక విద్యుద్యుగమంత పాతది. 1881లో పారిసు నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనమున క్లెమాన్ అదేర్ అను ఇంజనీరు అచ్చటి ఒపెరాశాల రంగస్థలపు టంచున కుడియెడమల శబ్దగ్రాహకములను అమర్చి, టెలిఫోను తీగెలమీదుగా ఆ గానమును ప్రదర్శనశాలకు తెచ్చి, చెవి కొకటి చొప్పున రెండు గొట్టములతో వినిపించెను. పిదప ఇదియే 'థియాట్రోఫోన్' అను పేర చందాలపై నడచు వ్యాపారమైనది. నవలాకారుడు మార్సెల్ ప్రూస్తు దానికి చందాదారుడై యింట పండుకొని ఒపెరాలు వినెడివాడు. 1910 జనవరిలో రేడియో పరిశోధకుడు లీ డి ఫారెస్టు గాయకుడు ఎన్రికో కరూసో గానమును మెట్రోపాలిటన్ శాలనుండి రేడియో ద్వారా ప్రసారము చేసెను గాని, గ్రాహకయంత్రములు గలవారే అప్పటికి వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఆర్థికమాంద్యమున చిక్కి ధనమునకై తహతహలాడుచున్న మెట్రోపాలిటన్ సంస్థ 1931 డిసెంబరు 25న హుంపర్డింకు రచించిన 'హెన్సెల్, గ్రేటెల్' రూపకమును సంపూర్ణముగా రేడియోలో వినిపించుటతో అసలు చరిత్ర ఆరంభమైనది. నాటినుండి శనివారము మధ్యాహ్నపు ప్రసారము అమెరికా గృహములలో ఒక ఆచారమైనది. మిల్టన్ క్రాస్ అను ప్రకటనకర్త 1931 మొదలు 1975లో మరణించువరకు కథలు చెప్పి, వేషములు వర్ణించి, తెర లేచుటను దిగుటను వాక్యములతోనే చూపించెను. టెక్సకో చమురు సంస్థ 1940నుండి 2004వరకు ఖర్చు భరించెను. నేడు చిత్రశాలలలో కనబడు పద్ధతులలో పెక్కింటికి, శనివారమునకును విరామకాలపు సంభాషణలకును సహితము, మూలము ఈ రేడియోయే.

తెరమీద చూపు ప్రయత్నము కూడ క్రొత్తది కాదు. 1952 డిసెంబరులో, రుడాల్ఫ్ బింగ్ నిర్వహణలో సంస్థ నడచుచున్న కాలమున, రీజా స్టీవెన్స్ కథానాయికగా ఆడిన 'కార్మెన్'ను తీగెల ద్వారా పలునగరములలోని సుమారు ముప్పది సినిమాహాళ్లకు ప్రత్యక్షముగా పంపిరి. రంగులు లేవు, టెలివిజను బొమ్మను వెండితెరంత సాగదీయుటచే రేఖలు చెదరి ముఖములు మసకబారినవి. ఆ ప్రయత్నము సంప్రదాయముగా పరిణమింపలేదు. 1977 మార్చి 15న పవరోటీ, రెనాటా స్కాటో పాడిన 'లా బొయెమ్'తో అమెరికా ప్రజాటెలివిజనులో క్రమప్రసారములు మొదలైనవి గాని, అవి యింటి పెట్టెకు సంబంధించినవి.

ఏబదినాలుగేండ్ల క్రింద విఫలమైనది 2006లో ఫలించుటకు మూడు కారణములు చెప్పవచ్చును. ఫిలిము చుట్టలకు బదులు డిజిటల్ ప్రక్షేపకములు, వానితోపాటు ఉపగ్రహసంకేతము నందుకొను పరికరములు, హాళ్లలో ఏర్పడుచుండెను. ప్రకటనలకై నెలకొల్పిన ఆ వసతి శనివారము మధ్యాహ్నము వంటి మందపు వేళలలో ఖాళీగా నుండెను. ఆ యేడు ఆగస్టులో సంస్థకు ప్రధాననిర్వాహకుడై వచ్చిన పీటర్ గెల్బ్ అంతకుపూర్వము సోనీవారి శాస్త్రీయసంగీతవిభాగమును నడపినవాడగుటచే, దృశ్యశ్రవణవ్యాపారపు లోతుపాతులు ఎరిగినవాడు. మూడవది అన్నిటికంటె ముఖ్యము, అన్నిటికంటె తక్కువగా చెప్పబడునదియు: వాద్యకారుల, గాయకబృందముల, రంగస్థలకార్మికుల సంఘములు పూర్వము ప్రతి ప్రసారమునకు ముందుగానే పెద్ద మొత్తములు కోరుచుండగా, ఈసారి రాబడిలో వాటాకు అంగీకరించినవి. ఈ ఒడంబడిక లేనిదే ఎంత యంత్రసామగ్రి యున్నను తెర లేచెడిది కాదు. 2006 డిసెంబరు 30న జూలీ టేమర్ దర్శకత్వమున మొత్సార్టు 'మాయావేణువు'ను పిల్లలకు తగినట్లు కుదించి ఆంగ్లమున పాడించి మొదటి ప్రసారము గావించిరి. తరువాత పక్షములోనే అన్నా నెట్రెబ్కో పాడిన 'ఇ పూరిటానీ', టాన్ డన్ రచించిన 'మొదటి చక్రవర్తి' వరుసగా వచ్చినవి.

ప్రసారవిధానము బయటికి సరళముగా కనబడును. శాలలోపల పదికి పైగా కెమెరాలు నుండును; వానిలో కొన్ని మనుష్యుడు లేకుండ దూరమునుండి నడపబడునవి, ఒకటి రంగస్థలపు అంచునే పట్టాలపై ఇటునటు పరుగిడునది. వీధిలో నిలిపిన వాహనములో దర్శకుడు కూర్చుండి, ప్రక్కన ఒకరు స్వరపత్రము చూచుచు రాబోవు తాళఖండములను ముందుగా కేకవేసి చెప్పుచుండగా, ఏ క్షణమున ఏ చిత్రము బయటికి పోవలెనో నిర్ణయించును. ముందరి ప్రదర్శనలను గమనించి వ్రాసికొన్న ప్రణాళిక చేత నున్నను, గాయకుడు ఒక అడుగు తప్పి నిలిచినచో అది చెల్లదు. శబ్దమును రంగస్థలపు టంచునందును, వాద్యకారుల గోతియందును అమర్చిన మైకులు గ్రహించును. శాలలోనివారికి మాత్రము వానివలన అదనపు ధ్వని ఏమియు చేరదు. భాష తెలియనివారికై పాటల భావమును తెరమీద అడుగున అక్షరములుగా వేయుదురు. నాటకశాలలో, టొరాంటోలో 1983లో 'ఎలెక్ట్రా' ప్రదర్శనకు మొదట వాడిన ఈ పద్ధతిని సంప్రదాయవాదులు కొంతకాలము నిరసించిరి; మెట్రోపాలిటనే 1995వరకు దానికి తల యొగ్గలేదు. చిత్రశాలలో అక్షరములు లేని ఒపెరాను నేడెవ్వరును ఊహింపలేరు.

గానము ఎంత బాగుగా పంపబడినను వినుట హాలు యజమాని దయపై ఆధారపడును. ముందురోజు యుద్ధచిత్రమునకు పెంచిన ధ్వని తగ్గింపబడక వెర్డీ సంగీతము చెవులు చిల్లులు పడునట్లు మ్రోగుటయు, లేదా పక్కహాలులోని ప్రేలుళ్లు గోడ దాటి వచ్చి నాయిక మరణదృశ్యమున కలియుటయు అలవాటుగా చూచువారికి తెలిసినదే. ఉపగ్రహసంకేతము చెడి నాయకుడు నోరు తెరచినవాడు తెరచినట్లే నిలిచిపోవుటయు కలదు. అట్టి సమయములందు ఫిర్యాదు చేయుటకు హాలులో ఒక కుర్రవాడు తప్ప వేరెవ్వరు నుండరు.

విరామకాలమున చిత్రశాలలోనివారికి లభించునది నాటకశాలలోనివారికి లభింపదు. తెర దిగినవెంటనే కెమెరా దానివెనుకకు పోవును. చెమటలు కారుచున్న గాయని రంగమునుండి నాలుగడుగులు వేయునంతలో, ఆనాటి వ్యాఖ్యాతగా నిలిచిన మరొక ప్రసిద్ధ గాయని, తొలియేండ్లలో తరచు రెనే ఫ్లెమింగో డెబొరా వోయిటో, ఎదురేగి ప్రశ్న లడుగును. వారి వెనుక రంగస్థలకార్మికులు ఒక రాజప్రాసాదమును విప్పి చక్రములపై త్రోసివేసి అరణ్యమును తెచ్చి నిలుపుచుందురు. ఈ సంభాషణలలో పరస్పరశ్లాఘనమునకు కొదువలేదు. అయినను సంగీతమునకు రంగమునకు వెనుక నున్న శ్రమను సామాన్యునికి ఇంత సన్నిహితముగా చూపినది వేరొకటి లేదు. 2011 ఏప్రిల్ 9న రొస్సీనీ 'కౌంట్ ఓరీ' ప్రసారమగు దినమున, నాయకపాత్రధారి హువాన్ డియేగో ఫ్లోరెస్ భార్య ప్రసవించుటను ప్రక్కన నిలిచి చూచి, బిడ్డ పుట్టిన అరగంటకు రంగస్థలమును చేరుకొని, తారస్థాయి స్వరములతో నిండిన ఆ పాత్రను ఎట్టి కొరతయు లేకుండ పాడెను. 2014 ఏప్రిల్ 5న 'లా బొయెమ్' నాయిక జబ్బుపడగా, అంతకు ముందురాత్రియే 'మదామ్ బటర్‌ఫ్లయి'గా మొదటిసారి ఆ శాలలో పాడి, తెల్లవారుజామున గాని నిద్రపోని క్రిస్టీన్ ఒపొలైస్‌కు ఉదయము ఏడున్నరకు కబురు వచ్చెను. మధ్యాహ్నము ఒంటిగంటకు ఆమె ప్రపంచమంతయు చూచుచుండగా నాయిక మిమీగా నిలిచెను. 2011 మేలో వాగ్నరు 'వాల్క్యూర్'కు దర్శకుడు రాబర్ట్ లెపాజ్ వాడిన నలుబదియైదు టన్నుల యంత్రము మొరాయించుటచే ప్రసారమే ఆలస్యమైనది. ఇరువదినాలుగు పలకలతో కొండగను గుఱ్ఱముగను మారుచుండు ఆ యంత్రమును గూర్చి న్యూయార్కులో అప్పటికే వాదములు చెలరేగి యుండెను. ఇట్టి అపాయము ఏ క్షణమున నైన సంభవింపవచ్చునను ఎరుకయే, ముద్రితచిత్రమున కెన్నడు నుండని ఉత్కంఠను ఈ ప్రసారమునకు ఇచ్చుచున్నది. తెరమీది గాయకునికి వినబడదని తెలిసియు హాళ్లలోనివారు చప్పట్లు కొట్టుట అనేకస్థలములలో అలవాటైనది.

ఇక కెమెరాను గూర్చిన వివాదము. నాటకశాలలో కూర్చున్నవాడు పాడువానిని చూడవచ్చును, మౌనముగా వినుచున్నవానిని చూడవచ్చును, దీపమును చూడవచ్చును. చిత్రశాలలో అతని కన్నును మరొకరు త్రిప్పుదురు. 2008 మార్చిలో 'ట్రిస్టన్, ఇసోల్డె' ప్రసారమునకు దర్శకత్వము వహించిన బార్బరా విల్లిస్ స్వీట్ తెరను పలు చతురస్రములుగా విభజించి ఒకేసారి అనేక కోణములను చూపగా, గంటలకొలది నిశ్చలముగా సాగు ఆ రూపకమున కిది ప్రాణము పోసినదని కొందరు, ఏకాగ్రతను చంపినదని మరికొందరు అభిప్రాయపడిరి. ఆ ప్రయోగము ఆమె యుద్దేశ్యమును బట్టి సబబే యనిపించును గాని, వాగ్నరు సంగీతము కోరునది చూపును నిలుపుటను, విభజించుటను గాదు. సమీపచిత్రమువలన లాభమును లేకపోలేదు: మేడమీదివారు ఎన్నడును చూడని కనుబొమల కదలిక, చేతివ్రేళ్ల వణకు ఇందు కథాంగములగును, నటనలో నిలువగల గాయకులు ఇందువలన ప్రకాశించిరి. మరొకవంక, పెద్దశాలకై పూసిన రంగు కెమెరాకు పూతగా కనబడును. శ్వాసకై ముఖము వంకరలు పోవుట శోకదృశ్యమున హాస్యము పుట్టించును. గాయకులను రూపమును బట్టి ఎన్నుకొను దుర్నయము ఈ ప్రసారములతో పుట్టినదనుట న్యాయము గాదు. శరీరస్థూలత కారణముగా వోయిట్‌ను లండనులో 2004లోనే ఒక రూపకమునుండి తొలగించిరి. అయితే ఆ ధోరణికి కెమెరా క్రొత్త సాకు నిచ్చినదని ఒప్పుకొనక తప్పదు.

గాత్రవిషయమున నష్టము దీనికంటె సూక్ష్మము. శాలనంతను నింపగల మహాకంఠమును, పది వరుసలు దాటని చిన్నకంఠమును మైకు సమానముగా చేయును; శబ్దయంత్రజ్ఞుడు ఒక మీట త్రిప్పుటతో వాద్యములకు వెనుకబడినవాడు ముందునకు వచ్చును. కావున చిత్రశాలలో మాత్రమే ఒపెరా విన్నవారు గాయకుల తారతమ్యమును గూర్చి చెప్పు తీర్పులను కొంత జాగ్రత్తగా స్వీకరింపవలెను.

భారతీయపాఠకులకు ప్రత్యేకముగా ఆసక్తి గొల్పునది 2011 నవంబరు 19న ప్రసారమైన 'సత్యాగ్రహ'. పారిసులో పండిట్ రవిశంకర్ కడ పనిచేసి తాళగణనమును నేర్చి, పిదప భారతదేశమును పలుమార్లు దర్శించిన అమెరికను సంగీతకర్త ఫిలిప్ గ్లాస్ దీనిని రచింపగా, 1980లో రాటర్డాములో మొదట ప్రదర్శింపబడెను. ఇతివృత్తము దక్షిణాఫ్రికాలో గాంధీజీ జీవితము. టాల్‌స్టాయ్, టాగూరు, మార్టిన్ లూథర్ కింగ్ ఒక్కొక్క అంకమునకు అధిష్ఠాతలుగా నుందురు. పాడబడు భాష సంస్కృతము, వాక్యములన్నియు భగవద్గీతనుండి గైకొన్నవి. మొదటి దృశ్యముననే గాంధీ కురుక్షేత్రమున కృష్ణార్జునుల నడుమ నిలిచియుండును. ఇత్తడివాద్యములు, డప్పులు లేవు; తంత్రీవాద్యములు, వేణుజాతివాద్యములు, ఆర్గను మాత్రమే. చివర గాంధీపాత్ర పాడు సాయంగానమున, గీత చతుర్థాధ్యాయములోని అవతారప్రతిజ్ఞా శ్లోకములను, ఒకే ఆరోహణస్వరక్రమమును ముప్పదిమారులు మీదికి ఎక్కుచు పాడవలెను. ఆ ఆరోహణమును మన సంగీతజ్ఞుడు విన్నచో గమకములు లేని హనుమత్తోడి స్వరస్థానములుగా వెంటనే గుర్తించును. గమకము లేని తోడి మనకు తోడి గాదనుట నిజమే. కాని అదే మెట్టును మరల మరల ఎక్కు ఆ ఓర్పులో జపమున కున్న గుణ మొకటి గలదు. ఫెలిమ్ మెక్‌డెర్మాట్, జూలియన్ క్రౌచ్ రూపొందించిన ఆ ప్రదర్శనలో వార్తాపత్రికల కాగితములతోను వెదురుబుట్టలతోను మహాకాయములైన బొమ్మలు లేచి నిలిచెను; శ్లోకములకు అనువాదములను క్రమముగా వేయక, ఎన్నుకొన్న వాక్యములను మాత్రము గోడలపై ప్రతిఫలింపజేసిరి. రిచర్డ్ క్రాఫ్టు గాంధీగా పాడిన చివరి ఘట్టమున, వెనుక ఎత్తయిన వేదికపై నిలిచిన కింగు ఆకృతియు, ముందు ఒంటరిగా నిలిచిన గాయకుడును ఒకే చూపులో ఇమిడినపుడే భావము పూర్తియగును. కెమెరా గాయకుని ముఖమును సమీపించిన ప్రతిసారి ఆ రెండవ ఆకృతి జారిపోవును. ముప్పదిమార్లు ఒకే స్వరక్రమమును పాడుచు ఒక మనుష్యుని కంఠము ఎట్లు క్షణక్షణము మారునో వినుటకు మాత్రము ఆ సామీప్యమే సహకరించినది.

ప్రసారము విస్తృతమగుకొలది దానిపై రాజకీయభారము కూడ పెరిగినది. పాలస్తీనా సాయుధులు 1985లో ఒక ప్రయాణనౌకను పట్టుకొని వృద్ధుడైన ఒక యూదుని చంపిన ఘటనను ఆధారము చేసికొని జాన్ ఆడమ్స్ రచించిన 'క్లింగ్‌హోఫర్ మరణము' రూపకమును 2014లో చిత్రశాలలకు పంపనున్నట్లు ప్రకటించి, అది యూదవిద్వేషమునకు తోడ్పడవచ్చునను ఆందోళన బయలుదేరగా ఆ ప్రసారమును రద్దుచేసిరి. రంగస్థలముపై ప్రదర్శనలు మాత్రము నిరసనల నడుమ జరిగినవి. శాలలో చూచుటకు తగినది తెరమీద చూచుటకు తగదనుటలో తర్కము నిలుచునా యన్నది అప్పుడు అడుగవలసిన ప్రశ్నయే.

ఈ మార్గమును అనుసరించి లండనులోని రాయల్ ఒపెరా, మాస్కోలోని బొల్షోయ్ నృత్యబృందము చిత్రశాలలకు వచ్చినవి; లండను నేషనల్ థియేటరు 2009లో హెలెన్ మిరెన్ నటించిన 'ఫెద్ర్'తో మాటల నాటకమునకును ఈ పద్ధతిని వర్తింపజేసెను. అయితే మెట్రోపాలిటన్ ప్రసారముల ప్రేక్షకులలో అధికభాగము వృద్ధులు. క్రొత్తతరమును ఒపెరాకు తెచ్చునని ఆశించిన ప్రసారము, చాలవరకు పాతప్రేమికులకే దూరప్రయాణపు ఖర్చు తగ్గించినది. న్యూయార్కు చుట్టుపట్ల నుండువారు నాటకశాలకు వచ్చుట మాని దగ్గరి సినిమాహాలుకు పోవుచున్నారను అనుమానమును గెల్బే స్వయముగా వెల్లడించెను. 2020 మార్చిలో మహమ్మారివలన శాల మూతపడినపుడు, ఇన్నేండ్లుగా చేర్చిన ఈ ప్రసారముల నిధియే సంస్థను ప్రజలకు మరపు రాకుండ కాపాడినది. మార్చి 16 మొదలు ప్రతిరాత్రి ఒక్కొక్క రూపకమును ఉచితముగా అంతర్జాలమున చూపిరి. 2021 అక్టోబరులో, ఆ శాల చరిత్రలో నల్లజాతి సంగీతకర్త రచించిన తొలి ఒపెరాయగు టెరెన్స్ బ్లాంచార్డు రూపకము, మరల మొదలైన చిత్రశాలాప్రసారములలో ఒకటైనది.

అమెరికాలోని తెలుగువారు వారాంతమున తెలుగు చిత్రములకు పోవు బహుళతెరల హాళ్లలో కొన్నింటియందు అదే శనివారము మధ్యాహ్నము ఈ ఒపెరాలును ఆడుచుండును. రెండు ఆటల ప్రేక్షకులు ఒకరినొకరు నడవలో దాటిపోవుదురు. భారతదేశమున పరిస్థితి వేరు. న్యూయార్కులో మధ్యాహ్నము ఒంటిగంట యగునప్పటికి చలికాలమున మనకు రాత్రి పదకొండున్నర. వాగ్నరు వంటివాని రూపకమైనచో తెల్లవారి గాని ముగియదు. కావున ముంబయిలోని నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ వంటిచోట్ల కొంతకాలము గడచినపిదప ముద్రితప్రతిని అనుకూలమైన వేళ చూపుదురు. చిత్రము, శబ్దము, విరామసంభాషణలు, చెమటలు అన్నియు అవే. నాయకుడు తారస్వరమును అందుకొనెనో లేదో అప్పటికే లోకమునకు తెలిసియుండుటచే ఉత్కంఠ మాత్రము సముద్రముమీదనే తీరిపోయి వచ్చును. మన ప్రేక్షకునికి దక్కునది గాయకుల ముఖము.